మీటరు కింద స్టూలు

మా మామయ్య ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ కరెంటు మీటర్లు చూడడంతోనే గడిచిపోయింది. రిటైరయ్యాక చూసుకోవడానికి ఆయనకి మిగిలింది ఒక్క మా ఇంటి మీటరే. మెట్ల కింద గోడకి ఉంటుంది అది. పొద్దున లేవగానే ముందు దాని మొహం చూసి, తర్వాత మా మొహాలు చూస్తారు. వీధి మొత్తంలో మా మీటరంత నెమ్మదైన మీటరు ఇంకోటి లేదని ఆయనకి మహా గొప్ప. ఆ గొప్ప నిలబెట్టడానికి మేమంతా చీకట్లో తడుముకుంటూ తిరిగేవాళ్ళం. ఎవరైనా గదిలోంచి ఇలా బయటికొస్తే చాలు, అలా లైటు ఆపేసేవారు. బాత్రూములో మనిషి ఉండగా ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి. లోపలి నుంచి మా ఆయన కేకలేస్తే, "పుట్టినప్పట్నించీ స్నానం చేస్తున్న బాత్రూమే కదరా, సబ్బు ఎక్కడుందో తెలీదూ?" అనేవారు.

స్విచ్చుల సంగతి పక్కన పెడితే అంత మంచి మనిషి దొరకరు. వంటకి వంకలు పెట్టరు, ఎవర్నీ నొప్పించే మాట అనరు. కోడలు నర్సు అని పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేవారు. ఎవరికైనా జలుబు చేస్తే నన్ను అడగకుండానే నా తరఫున మందులు కూడా చెప్పేవారు.

ఆ ఎండాకాలం నాకు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ పడింది. రాత్రి పనిచేసే మనిషి పగలు పడుకోవాలి. మా పడకగది మేడ మీద ఉంది. పైన డాబా, పక్కన సాయంత్రం దాకా ఎండ తగిలే గోడ. మధ్యాహ్నం ఆ గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. ఫ్యాను ఆ వేడినంతా పోగుచేసి తెచ్చి నా మొహాన కొట్టేది. తువ్వాలు తడిపి కప్పుకుని పడుకునేదాన్ని. నాకు నిద్ర పట్టేలోపు తువ్వాలు ఆరిపోయేది. లేచి మళ్ళీ తడుపుకోవడం, మళ్ళీ పడుకోవడం. ఇదీ నా నిద్ర.

ఒక రోజు తెల్లవారుజామున మందుల బీరువాకి ఆనుకుని నిలబడే నిద్రపోయాను. మా పెద్ద సిస్టర్ వచ్చి భుజం పట్టుకుని కుదిపింది. వార్డంతా ఆవిడ చెప్పుచేతల్లో నడుస్తుంది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

"నిలబడి నిద్రపోయేవి గుర్రాలు. నిన్ను పశువుల ఆస్పత్రికి పంపించమంటావా?" అంది.

"ఇంట్లో నిద్ర పట్టట్లేదు సిస్టర్. గది కొలిమిలా ఉంటోంది."

"అయితే ముందు గది సంగతి చూసుకో. ఇక్కడ మనం కునుకు తీస్తే పోయేది మన ప్రాణం కాదు."

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. సిటీ బస్సు నడుపుతాడు. రోజంతా ఇంజను పక్కనే కూర్చునే మనిషికి వేడి గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. "ఏసీ కొనేద్దాం" అన్నాడు. అన్నాక గొంతు తగ్గించి, "నాన్నకి నువ్వు చెప్పు" అన్నాడు. బస్సుకి ఎదురొచ్చే లారీకి భయపడడు గానీ తండ్రితో కరెంటు మాట ఎత్తాలంటే మాత్రం భయం.

నేను చెప్పనక్కర్లేకపోయింది. గుమ్మం బయట నిలబడి మామయ్య అంతా విన్నారు. ఒంటికాలి మీద లేస్తారనుకున్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "అమ్మాయికి నిద్ర కావాలంటే కొనాల్సిందే. కానీ నేనూ వస్తా. మీ ఇద్దరికీ చూడ్డం తెలీదు" అన్నారు. వెళ్ళేముందు మేడమీదికెక్కి గదంతా టేపుతో కొలిచి, అంకెలు అరచేతి మీద రాసుకున్నారు.

షాపులోకి అడుగు పెట్టీ పెట్టగానే మా ఆయన అన్నిటికంటే పెద్దదాని ముందుకెళ్ళి నిలబడ్డాడు. మామయ్య అన్నిటికంటే చిన్నదాని ముందు నిలబడ్డారు. మధ్యలో నేను. మమ్మల్ని చూసి అక్కడ అమ్మే అమ్మాయికి నవ్వొచ్చింది.

"ముందు చెప్పండి, పడుకునేది ఎవరు?" అని అడిగింది.

"నేను" అన్నాను.

ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి వరసగా అడగడం మొదలుపెట్టింది. గది ఎంత? పైన ఇంకో అంతస్తుందా, డాబానా? ఎండ ఎటువైపు పడుతుంది? వాడేది పగలా, రాత్రా? కొలతలు అడిగినప్పుడు మామయ్య అరచెయ్యి చాపి చూపించారు.

"ఆ చిన్నది వద్దు అంకుల్. ఆ గదిలో పగటిపూట దానికి ఆయాసం వస్తుంది. పెద్దదీ అనవసరం సార్, గబుక్కున చల్లబరిచి ఆగిపోతుంది గానీ గాలిలో తేమ పోదు, ఒళ్ళు జిడ్డుజిడ్డుగానే ఉంటుంది. మీ గదికి ఈ మధ్యది సరిగ్గా సరిపోతుంది. ఐదు స్టార్లది తీసుకోండి. రోజూ గంటలు గంటలు వాడే ఇంటికి అదే లాభం."

మామయ్య కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి స్టార్ల కాగితానికి ముక్కు ఆనించారు. "ఏడాదికి ఇన్ని యూనిట్లు కాలుస్తుందని రాశారు. ఎవరు చూసి రాశారమ్మా?"

"పరీక్ష చేసి రాస్తారండి."

"ఎవరింట్లో?"

ఆ ప్రశ్న ఆమెని ఎప్పుడూ ఎవరూ అడిగి ఉండరు. పాపం, ఓపిగ్గానే చెప్పింది. "ఇది ఇన్వర్టరు ఏసీ అంకుల్. గది చల్లబడేదాకా గట్టిగా పనిచేస్తుంది. చల్లబడ్డాక తనంతట తనే నెమ్మదిస్తుంది. అప్పుడు కరెంటు చాలా తక్కువ లాగుతుంది. మాటిమాటికీ ఆపుతూ వేస్తూ ఉండకూడదు."

"నెమ్మదిస్తుందని నీకెలా తెలుసు? మీటరు చూశావా?"

"లేదండీ."

"చూడలేదు కదా" అని మామయ్య మా వైపు తిరిగి తల ఊపారు, కేసు గెలిచినట్టు.

బయల్దేరేటప్పుడు ఆ అమ్మాయి నాతో, "ఇరవై ఆరు మీద పెట్టుకుని ఫ్యాను కూడా వేసుకోండి మేడం. హాయిగా నిద్రపడుతుంది" అంది. సరేనన్నాను. షాపుల్లో చెప్పే మాటలన్నిటికీ సరే అనడం అలవాటు. గుమ్మం దాటేసరికి మర్చిపోయాను.

ఏసీ బిగించిన రోజు కరెంటు పని చేసేవాడు దానికి విడిగా లైను లాగి, మెట్ల కింద మీటరు పక్కనే ఒక స్విచ్చు పెట్టాడు. పిల్లి పక్కన పాలగిన్నె పెట్టామన్న సంగతి అప్పుడు మాకెవరికీ తోచలేదు.

మొదటి రోజు పడుకోగానే ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది. ఇక నా కష్టాలు గట్టెక్కాయనుకున్నాను. కానీ ఎంతోసేపు కాకముందే చెమటతో మెలకువ వచ్చింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఏసీ నోరు మూసుకుని ఉంది. రిమోటు ఎంత నొక్కినా పలకలేదు. విసిగిపోయి అటూ ఇటూ దొర్లుతుంటే కొంతసేపటికి కుయ్యిమని లేచింది. మళ్ళీ కళ్ళు మూతలు పడే వేళకి ఆగిపోయింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఉన్న కాసేపైనా దండిగా చల్లబరచనీ అని పద్దెనిమిదికి దించి పెట్టుకోవడం మొదలుపెట్టాను. అలాగే పెట్టినా గది ఎప్పుడూ ఆ చల్లదనానికి రాలేదు.

మెకానిక్కుని పిలిపించాం. అతను విప్పి చూసి, మూసి, వేసి చూపించాడు. చల్లగాలి ఝుమ్మని వచ్చింది. "మిషన్లో ఏ లోపం లేదు మేడం. కాకపోతే పద్దెనిమిదిలో పెడుతున్నారు. ఈ గదిలో, ఈ ఎండకి, అది అక్కడిదాకా రాలేదు. రాలేక పరిగెడుతూనే ఉంటుంది. ఇరవై ఆరు మీద పెట్టండి, పైన ఫ్యాను వేసుకోండి. దానికీ సుఖం, మీకూ సుఖం" అన్నాడు.

మంచినీళ్ళు తెచ్చిన అత్తయ్య ఆ మాట విని తలూపింది. నేను మాత్రం చెవిన వేసుకోలేదు. మధ్యలో ఆగిపోయే మిషను ఎంత మీద ఉంటే ఏం అనుకున్నాను. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడి, "కంపెనీ మంచిదేనా బాబూ?" అని అమాయకంగా అడిగారు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. నిద్రలేని మనిషికి అనుమానపడే ఓపిక కూడా ఉండదు.

వార్డులో అప్పుడు ఒక దర్జీ ఆవిడ ఉండేది. కడుపుకి ఆపరేషను అయింది. ఆవిడకి ఒక మందు పడదు. ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుందని మంచం తలవైపు ఎర్ర అట్ట కట్టాం. ఆ మందే పక్క మంచం మీది ముసలావిడకి రోజూ ఎక్కించాలి.

ఆ తెల్లవారుజామున నేను సీసా తెచ్చి స్టాండుకి తగిలించాను, గొట్టం కలిపాను. చుక్క వదలడానికి వేలు పెట్టాను. నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. పెద్ద సిస్టర్. గొట్టం విప్పి పారేసి, సీసాని పక్క మంచం స్టాండుకి తగిలించింది. అప్పుడు కనిపించింది నాకు ఎర్ర అట్ట. నా మొహానికి ఎదురుగానే ఉంది. దర్జీ ఆవిడ నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది.

డ్యూటీ దిగేటప్పుడు పెద్ద సిస్టర్ నన్ను వరండాలోకి పిలిచింది. గుర్రాల మాట ఎత్తలేదు. "ఇవాళ నేను పక్కనే ఉన్నాను. రేపు ఉండకపోతే? నువ్వు మంచి నర్సువి. కానీ ఇంకోసారి ఇలా అయితే నిన్ను వార్డులోంచి తీసెయ్యమని నేనే అడుగుతాను. ఏమీ అనుకోకు."

ఏమనుకుంటాను? ఇంటికొస్తూ దారి పొడుగునా నా చేతుల వంకే చూసుకున్నాను. నా చేతులంటే నాకే భయం వేసింది. ఉద్యోగం పోతుందన్న బాధ తర్వాతది. ఆ నోరు తెరుచుకుని నిద్రపోతున్న మొహం కళ్ళ ముందునుంచి కదలలేదు.

ఏమీ తినకుండా మేడెక్కి, ఏసీ వేసుకుని పడుకున్నాను. ఏడ్చి ఏడ్చి ఎప్పుడో కన్ను అంటుకుంది. అంతలోనే ఏసీ ఆగింది. ఈసారి నిద్ర పల్చగా ఉంది కాబోలు, దానికి ముందు వచ్చిన చప్పుడు కూడా వినిపించింది. కింద మెట్ల దగ్గర, టక్కున.

చెప్పులు వేసుకోకుండా దిగాను. మామయ్య మునివేళ్ళ మీద నిలబడి, ఒక చెయ్యి స్విచ్చు మీద ఉంచి, మీటరుకి ముక్కు ఆనించి ఉన్నారు. నన్ను చూసి ఏమాత్రం తడబడలేదు.

"లేచావా అమ్మా? ఇప్పుడే వేస్తా, ఉండు."

"రోజూ ఆపుతున్నది మీరేనా మామయ్యా?"

"ఆపడమేంటి, మళ్ళీ నేనే వేస్తున్నానుగా! చల్లదనం కావాల్సింది నిద్రపోయేదాకే. నిద్రపోయాక మనిషికి వేడేం తెలుస్తుంది చెప్పు? గది వేడెక్కే వేళకి మళ్ళీ వేస్తున్నా. అది నడుస్తున్నంతసేపూ ఈ దీపం ఎలా కొట్టుకుంటోందో నువ్వు చూళ్ళేదు. చూస్తుంటే నాకే గుండె దడొస్తోంది."

మీటరు మీద చిన్న ఎర్రదీపం ఉంటుంది. కరెంటు ఎంత వేగంగా కాలితే అది అంత వేగంగా మినుకుమంటుంది. ఆ మనిషి ఇన్నాళ్ళుగా చూస్తున్నది దాన్నే.

కడుపు మండి నాలుగు మాటలు అనేద్దామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. మెట్టు మీద కూలబడ్డాను.

"మామయ్యా, ఇవాళ పొద్దున నా చేతుల్తో ఒకావిడ ప్రాణం తీసేదాన్ని."

మొత్తం చెప్పాను. సీసా, ఎర్ర అట్ట, పెద్ద సిస్టర్ చెయ్యి. నిద్ర లేక కళ్ళు ఎదుటి అక్షరాల్ని కూడా చూడడం మానేశాయని చెప్పాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి తడిచేతుల్తోనే నిలబడిపోయింది. మామయ్య చెయ్యి ఇంకా స్విచ్చు మీదే ఉంది.

"ఆవిడ బాగానే ఉందా?" అని అడిగారు.

"ఉంది."

మళ్ళీ అడిగారు. "బాగానే ఉందిగా?"

"బాగానే ఉంది మామయ్యా."

ఆయన స్విచ్చు వేసి, చెయ్యి తీసి, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కాకి తుడుచుకున్నారు.

మా ఇద్దరి మధ్యా తీర్పు చెప్పింది అత్తయ్యే. "నువ్వేమో దాన్ని పద్దెనిమిదికి దించి పరిగెత్తిస్తావు. ఈయనేమో అది పరిగెడుతుంటే గొంతు నొక్కేస్తారు. మధ్యలో అది మాత్రం ఏం చేస్తుంది? ఆ విప్పి చూసిన అబ్బాయి ఏం చెప్పి వెళ్ళాడు? నువ్వు ఇరవై ఆరు నుంచి కిందికి దించకు. మీరు ఆ స్విచ్చు ముట్టుకోకండి. రేపొక్క రోజు చూద్దాం."

"ముట్టుకోను. చూస్తూ మాత్రం ఉంటా" అన్నారు మామయ్య.

మర్నాడు కిటికీలకి పరదాలు దించి, ఇరవై ఆరు మీద పెట్టి, ఫ్యాను వేసుకుని పడుకున్నాను. ఇదేం చల్లదనం, ఒళ్ళు జిల్లుమననే లేదు అనుకుంటూనే ఉన్నాను. కళ్ళు తెరిచేసరికి పరదా అంచుల్లో సాయంత్రపు ఎండ ఉంది. ఇది ఏ పూటో నాకు కాసేపు అర్థం కాలేదు. మెడ తడిమి చూసుకున్నాను, చెమట లేదు. తల తేలిగ్గా ఉంది. అలా లేచి ఎన్నాళ్ళయిందో.

కిందికి దిగితే మెట్ల కింద స్టూలు మీద మామయ్య కూర్చుని ఉన్నారు. అక్కడ ఫ్యాను లేదు, గాలి ఆడదు. బనియను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పక్కన నేలమీద మూత పెట్టిన భోజనం కంచం అలాగే ఉంది.

"పొద్దుట్నించీ అక్కడే" అంది అత్తయ్య. "తినమని పిలిస్తే నన్నే నోరు మూసుకోమంటారు."

మామయ్య వేలు నోటి మీద పెట్టుకుని నన్ను రమ్మని సైగ చేశారు, మీటరు ఉలిక్కిపడుతుందేమో అన్నట్టు. వెళ్ళి చూశాను. ఎర్రదీపం ఒకసారి మినుకుమంది. మళ్ళీ మినుకుమనడానికి తీరిగ్గా సమయం తీసుకుంది.

"పొద్దున నువ్వు వెయ్యగానే పిచ్చెత్తినట్టు కొట్టుకుంది. ఆపేద్దామని చెయ్యి లేచింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకు కూర్చున్నా. ఆ తర్వాత కాస్త నెమ్మదించింది. ఇంకాస్త నెమ్మదించింది. మధ్యాహ్నం ఎండకి కొంచెం ఊపందుకుంది, మళ్ళీ తగ్గింది." గొంతు తగ్గించి చెప్పారు. "ఇన్ని మీటర్లు చూశానా, ఏ మీటరు ముందూ ఇంతసేపు కూర్చోలేదమ్మా. చూడ్డం, రాసుకోవడం, పక్కింటికి పోవడం. ఇక్కడా అంతే చేశా. పరిగెత్తేటప్పుడే చూశా, పరిగెత్తేటప్పుడే ఆపా. మళ్ళీ పరిగెత్తించా."

ఆయన నా కళ్ళలోకి చూసి, "పడుకున్నావా?" అని అడిగారు.

"ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను మామయ్యా."

అప్పుడు కంచం మీద మూత తీశారు.

ఇక అక్కడినుంచి ఏసీ ఆయన సొంత బిడ్డ అయిపోయింది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు మేడెక్కి ఫిల్టర్లు తీసి కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టేవారు. తలుపు కింద సందులోంచి చల్లగాలి పోతోందని పాత దుప్పటి చింపి చుట్ట చుట్టి అడ్డం పెట్టారు. డాబా మీద దట్టంగా సున్నం వేయించారు. సున్నం వేసేవాడు ఒక్క పూతతో సరిపెడుతుంటే నిచ్చెన పట్టుకుని కింద నిలబడి రెండో పూత కూడా వేయించారు. పక్కింటివాళ్ళు ఏసీని మాటిమాటికీ ఆపుతూ వేస్తూ ఉన్నారని తెలిసి, గోడ మీదుగా వంగి, "ఆపకండి!" అని అరిచారు. ఆ మాట మామయ్య నోట వచ్చినందుకు మా ఆయన బస్సు తాళాలు చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. బాత్రూము లైటు మాత్రం ఎప్పట్లానే ఆరిపోతూ ఉండేది.

నేను రోజూ వచ్చి పడుకునేదాన్ని, సాయంత్రం దాకా లేచేదాన్ని కాదు. వార్డులో నా చేతులు మళ్ళీ నా చేతులయ్యాయి. సీసా తగిలించే ముందు పేరు చదివి, అట్ట చదివి, మళ్ళీ పేరు చదివేదాన్ని. అక్షరాలు నిలబడి కనిపించేవి. దర్జీ ఆవిడ కోలుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. పోతూ పోతూ నా యూనిఫాం భుజం దగ్గర కుట్టు వంకరగా ఉందని, తన దగ్గరికొస్తే సరిచేస్తానని చెప్పింది. గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాను. ఆవిడకి ఎందుకో తెలియదు గానీ నాకు కళ్ళు చెమర్చాయి. పెద్ద సిస్టర్ నన్ను ఎగాదిగా చూసి, "గుర్రం ఇప్పుడు పడుకుని నిద్రపోతున్నట్టుందే" అంది. ఆ మాటతో నా మీద కేసు కొట్టేసినట్టే.

ఎండాకాలం చివర్న ఒకరోజు పొద్దున్నే వాన మొదలైంది. తడుస్తూ ఇంటికొచ్చాను. పై గదిలో కిటికీలన్నీ తెరిస్తే గాలి పరదాల్ని ఎగరేసింది. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. ఏసీ అక్కర్లేదు, ఫ్యానూ అక్కర్లేదు. చాన్నాళ్ళకి వచ్చిన వాన కదా, వింటూ పడుకున్నాను. నిద్ర మీద ధ్యాస లేదు.

మధ్యాహ్నమవుతుండగా తలుపు మీద మెల్లగా చప్పుడైంది. "అమ్మాయ్."

నేను పడుకున్న వేళ మామయ్య ఎప్పుడూ మేడెక్కరు. కంగారుపడి తలుపు తీశాను.

"ఒంట్లో బాగుందా?" అని అడిగారు.

"బాగుంది. ఏం మామయ్యా?"

"ఏం లేదు. నువ్వు నిద్రపోతే ఆ దీపం ఒక తీరుగా కొట్టుకుంటుంది. నెమ్మదిగా, ఒకే తీరుగా. అది చూసుకుని, సరే అమ్మాయి పడుకుంది అనుకుని నేను వెళ్ళి భోంచేస్తా. ఇవాళ ఎంతసేపు కూర్చున్నా రాలేదు. మీటరు కదుల్తున్నట్టే లేదు."

"వాన పడుతోంది కదా మామయ్యా. గది చల్లగా ఉంది. ఏసీ వెయ్యలేదు."

"అవునవును" అని కిటికీ వైపు చూశారు, వాన సంగతి అప్పుడే తెలిసినట్టు. మీటరు కదలకుండా ఉండాలని జీవితమంతా కోరుకున్న మనిషి, తీరా అది కదలకుండా ఉన్న రోజున నా గుమ్మంలో దిగాలుగా నిలబడి ఉన్నారు. కిందికి వెళ్ళలేదు. తలుపు చెక్క మీద వేలితో రాస్తూ నిలబడ్డారు.

"అయినా కాసేపు వేసుకోకూడదూ?" అన్నారు. "ఫిల్టర్లు నిన్ననే కడిగా."

"వేసుకుంటాను మామయ్యా" అన్నాను.

కిటికీలు మూశాను. ఇరవై ఆరు మీద పెట్టి పడుకున్నాను. ఆయన మెట్లు దిగడం వినిపించింది. స్టూలు లాక్కున్న చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కదిలితే కింద తెలిసిపోతుందేమో అన్నట్టు నేను కదలకుండా పడుకున్నాను.

చివరికి వంటింట్లో కంచం పెట్టిన చప్పుడైంది. మామయ్య భోజనానికి కూర్చున్నారు. అప్పుడు నాకూ నిద్ర పట్టింది.